రబ్బరమ్మమ్మ

ఆవిడ చేతులు ఊరుకోవు. నోరు ఊరుకోనివాళ్ళను చూశాం, ఇంట్లో కాలు నిలవనివాళ్ళను చూశాం, ఈవిడకు మాత్రం చేతుల జబ్బు. బస్సులో ముందు సీటాయన కాలరు మడత పడి ఉంటే, ఎవరో ఏమిటో తెలియకపోయినా సరే, వెనకనుంచి రెండు వేళ్ళతో సరిచేసేస్తుంది. ఆయన ఉలిక్కిపడి తిరిగితే "ఏం లేదు నాయనా, వంకరగా ఉంటేనూ" అంటుంది. కిరాణా కొట్టుకు వెళితే డబ్బాలన్నీ పేర్లు ముందుకు వచ్చేలా తిప్పి పెడుతుంది. కొట్టువాడు మొదట్లో మురిసిపోయాడు. తర్వాత తర్వాత ఆవిడ మెట్లెక్కుతుంటేనే "ఏం కావాలో అక్కణ్ణించే చెప్పండమ్మా, నేనే తెచ్చిస్తా" అనడం మొదలుపెట్టాడు.

ఆవిణ్ణి అని ఏం లాభం? ఇరవై ఎనిమిదేళ్ళు చేసిన ఉద్యోగం అలాంటిది. సీసాల ఫ్యాక్టరీలో తనిఖీ పని. ఎదురుగా తెల్లటి లైటు వెలిగే పలక, దాని ముందునుంచి వరసగా కదిలిపోయే ఖాళీ సీసాలు. నిమిషానికి అరవై. అంటే సీసాకు ఒక్క క్షణం. ఆ క్షణంలోనే మెడ వంకరా, అడుగున పగులా, గాజులో గాలిబుడగా అన్నది తేల్చేయాలి. తేలిందా, మెడ పట్టుకుని లాగి పక్కనున్న పెట్టెలో పడేయాలి. అది మళ్ళీ కరగడానికి కొలిమిలోకి పోతుంది. ఇరవై నిమిషాలకోసారి కళ్ళకు విశ్రాంతి ఇచ్చేవాళ్ళు. ఈవిడ ఆ విశ్రాంతిలో కూడా పక్కవాళ్ళ వరసలోకి తొంగిచూసి ఒకటో రెండో లాగి పారేసేది. అందుకే ఫ్యాక్టరీ అంతా ఆవిణ్ణి డేగమ్మ అనేది. ఆ పేరే మనమూ వాడుకుందాం, ఆవిడకూ అదంటే ఇష్టమే.

రిటైరైన మర్నాటినుంచి మొదలైంది అసలు గొడవ. వంటింట్లో గిన్నెలు అయ్యాయి, బీరువాలో బట్టలు అయ్యాయి, గోడమీద పటాలు అంగుళం అటూ ఇటూ జరపడం అయ్యింది, పదిన్నరకల్లా పనులన్నీ అయిపోయి కాలు కాలిన పిల్లిలా గదుల్లో తిరిగేది. ఆవిడ భర్తది గడియారాలు బాగుచేసే పని. వీధి మలుపులో అగ్గిపెట్టెంత కొట్టు. కంటికి భూతద్దం బిగించుకుని కూచున్నాడంటే పక్కన పిడుగు పడ్డా లేచే మనిషి కాదు.

"కాసేపు కూచోవే బాబూ" అనేవాడు ఆయన మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు.

"కూచుని ఏం చెయ్యనూ?"

"కూచోవడమే."

"అదేం పనండీ!" అనేది డేగమ్మ, ఆయన కంచం పక్కన మంచినీళ్ళ గ్లాసును అంగుళం కుడికి జరుపుతూ.

చివరికి దారి చూపించింది ఆయనే. తన ప్రాణం దక్కించుకోవడానికే అనుకోండి. కొట్టుకు వెళ్ళే దారిలో చిన్నపిల్లల బడి ఉంది. దాని గేటుకు ఒక కాగితం అతికించారు. తీరిక ఉన్న పెద్దలు రోజుకు రెండు గంటలు వచ్చి తరగతిలో టీచరుకు సాయం చేయవచ్చు, జీతం ఉండదు, ఓపిక ఉండాలి అని. ఆయన ఇంటికొచ్చి చివరి ముక్క తప్ప మిగతాదంతా చదివినట్టు చెప్పాడు.

రెండో తరగతిలో వేశారు డేగమ్మను. ముప్ఫై ఎనిమిదిమంది పిల్లలు, ఒక్క టీచరు. ఆ టీచరుకు నిండా ముప్ఫై ఏళ్ళు ఉండవు, గొంతు మాత్రం అప్పుడే అరిగిపోయింది. డేగమ్మకు ఒక బుల్లి కుర్చీ ఇచ్చారు, కూచుంటే మోకాళ్ళు గడ్డాన్ని తాకేవి. అయినా కూచుంటే కదా! పెన్సిళ్ళు చెక్కింది. రంగుపెన్సిళ్ళను రంగు వారీగా పెట్టింది. ఊడిన బూటు తాళ్ళు కట్టింది, జారిన లాగులు ఎక్కించింది, కారే ముక్కులు తుడిచింది. ఇన్నాళ్ళకు చేతులకు పని దొరికిందని ప్రాణం లేచొచ్చింది ఆవిడకు.

అక్కడ లెక్కల వేళకు ఒక పద్ధతి ఉంది. రబ్బరు పిల్లల దగ్గర ఉండకూడదు. ఉంటే లెక్క మానేసి రబ్బరు ముక్కలు చేసి ఒకళ్ళమీద ఒకళ్ళు విసురుకుంటారు. టీచరు బల్లమీద ఒక రేకు డబ్బాలో రబ్బర్లన్నీ ఉంటాయి. కావలసినవాళ్ళు లేచి వచ్చి చెరపాల్సింది చెప్పి తీసుకెళ్ళాలి. ముప్ఫై ఎనిమిదిమంది లేచి వస్తుంటే టీచరుకు తల తిరిగిపోయేది. డేగమ్మ రెండో రోజే ఒక పరిష్కారం కనిపెట్టింది. సొంతంగా ఒక పెద్ద తెల్ల రబ్బరు కొని తెచ్చుకుని, వరసల మధ్య తిరుగుతూ, తప్పు కనిపించిన చోటల్లా తానే వంగి చెరిపేసింది. పిల్లవాడు ఏడు రాయబోయి సగంలో అటు తిప్పాడో, ఇంకా పెన్సిలు ఎత్తకుండానే ఆ ఏడు మాయం. పుస్తకాలన్నీ అద్దంలా తయారయ్యాయి. పెద్ద టీచరు ఒకరోజు తరగతిలోకి వచ్చి నాలుగు పుస్తకాలు తిరగేసి "ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేవే!" అంది. డేగమ్మ ఆ పూట ఇంటికి నడవలేదు, తేలింది. పిల్లలు అప్పటికే ఆవిడకు రబ్బరమ్మమ్మ అని పేరు పెట్టేశారు.

అంతా బాగానే ఉందనుకుంటుంటే కంట్లో నలుసులా ఒక పిల్ల తగిలింది. నడినెత్తిన జుట్టు కుచ్చులా కట్టుకుని వచ్చేది, అందరూ పిలక అనేవాళ్ళు. గోల చేయదు, ఏడవదు, పక్కదాన్ని గిల్లదు. పుస్తకం తెరుచుకుంటుంది, పెన్సిలు పట్టుకుంటుంది, పెన్సిలు మొనను కాగితానికి వెంట్రుకవాసి ఎత్తున పెట్టి అలా ఉండిపోతుంది. గంట కొట్టేదాకా అంతే. డేగమ్మ పక్కన కుర్చీ వేసుకుని కూచుంది. బతిమాలింది. "రాయి తల్లీ, నేనున్నాగా" అంది. తానున్నాననేసరికి పిల్ల ఇంకా బిగుసుకుపోయేది. ఒకసారి ఎలాగో నాలుగు అంకె వేసింది, తల కొంచెం పెద్దదైంది. డేగమ్మ చేయి ఎప్పుడు వెళ్ళిందో ఆవిడకే తెలియదు, నాలుగు లేదు. పిలక పెన్సిలు బల్లమీద పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

మంగళవారం బడి వదిలాక టీచరు డేగమ్మను ఆపింది.

"అమ్మగారూ, ఈ పిలక సంగతి ఏం చేద్దామంటారు? అందరూ నలభయ్యో పేజీ దాటారు. దీని పుస్తకం పదకొండులో ఆగిపోయింది. శుక్రవారం పెద్ద టీచరు పుస్తకాలు చూస్తారు. ఇలా ఉంటే ఒకటో తరగతికి పంపించేస్తారు, సంవత్సరం అంతా."

"అయ్యయ్యో, ఇప్పుడు మధ్యలోనా?"

"అదే నా బాధ. దాని చెల్లెలు ఒకటిలోనే ఉంది. చెల్లెలి పక్కన కూచోబెడితే ఆ పిల్ల ఇంక తలెత్తుతుందా? వాళ్ళమ్మకు ఎలా చెప్పాలో కూడా నాకు తోచడం లేదు."

డేగమ్మకు ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. ఇంటికి పోతూ దారి పొడుగునా ఆ పిల్లను తిట్టుకుంది, టీచరును తిట్టుకుంది, ఒకటో తరగతిని కనిపెట్టినవాణ్ణి కూడా తిట్టుకుంది. బుధవారం పొద్దున్న పిలకను పక్కకు తీసుకెళ్ళి గంటన్నర కూచోబెట్టింది. ఒక్క లెక్క పడలేదు. పిల్ల పైపెదవి మీద చెమట పట్టింది. డేగమ్మ చేతిలో రబ్బరు తిరుగుతూనే ఉంది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉండలేక భర్త కొట్టుకు వెళ్ళింది. ఆయన ఏదో చేతిగడియారం పొట్ట విప్పి ముందు పెట్టుకున్నాడు. స్క్రూలు చిన్న మూతలో చిందరవందరగా ఉన్నాయి. ఆవిడ పిలక గోడు వెళ్ళబోసుకుంటూ, మాట మాటకూ ఆ స్క్రూలను వేలితో వరసగా జరుపుతూ ఉంది.

"మొద్దు పిల్లండీ. అంతే. ఎంత చెప్పినా చెయ్యి కదపదు."

"ఆ మూత వదిలెయ్యవే, ఏ స్క్రూ ఎక్కడిదో నాకు గుర్తుంటుంది" అన్నాడాయన.

"చూడండి, ఎంత బాగా పెట్టానో."

ఆయన భూతద్దం తీసి కళ్ళు నులుముకున్నాడు. ఆయనకు కోపం రాదు. ముప్ఫై అయిదేళ్ళలో రెండుసార్లు వచ్చిందేమో. ఇప్పుడూ రాలేదు.

"నేను బట్టలు మడతపెట్టడం ఎప్పుడు మానేశానో నీకు తెలుసా?"

"మీరెప్పుడు మడతపెట్టారు గనక!"

"పెట్టేవాణ్ణి. పెళ్ళయిన కొత్తలో రోజూ నేనే. నేను మడతపెట్టి అవతలికి వెళ్ళగానే నువ్వు విప్పి మళ్ళీ పెట్టేదానివి. ఒక నెల చూశాను. తర్వాత ముట్టుకోలేదు. పక్క వేయడమూ అంతే. కూర తరగడమూ అంతే. నువ్వేమో చుట్టుపక్కలందరికీ మా ఆయన ఇంట్లో పుల్ల తీసి అటు పెట్టడని చెప్పుకుంటావు."

"అంటే? ఆ పిల్ల రాయకపోవడానికి నేనే కారణమంటారా?"

"ఆ పిల్లను నేను చూడలేదు. నా సంగతి చెప్పాను."

ఒంటికాలిమీద లేచింది డేగమ్మ. పనిగట్టుకుని వచ్చి, తన మానాన తానున్న మనిషిని పట్టుకుని, తన బతుకంతా తప్పని తేల్చేశాడని, ఇలాంటి మనిషితో ఇన్నేళ్ళు ఎలా వేగిందో తనకే తెలియదని నానా మాటలూ అనేసింది. వచ్చింది తానేనన్న సంగతి మధ్యలో గుర్తొచ్చింది గానీ ఆగలేదు. కొట్టు దిగి వీధి చివరిదాకా నడిచింది, మళ్ళీ మొదటిదాకా వచ్చింది, మళ్ళీ చివరిదాకా వెళ్ళింది. చెప్పుల షాపువాడు రెండుసార్లు లోపలికి రమ్మన్నాడు. మూడోసారి ఏమీ అనకుండా పక్కకు తప్పుకున్నాడు.

గురువారం టీచరుకన్నా ముందే బడికి వెళ్ళింది. అలమరలోంచి పిలక లెక్కల పుస్తకం తీసింది. మొదటి పేజీనుంచి చూసింది. మొదటి పేజీ నిండా తప్పులు. కొట్టివేతలు, దిద్దుబాట్లు, ఒక మూలన లెక్కకు సంబంధం లేని కుక్కపిల్ల. రెండో పేజీ నిండా తప్పులే, కాకపోతే కొంచెం తక్కువ. అయిదో పేజీలో పదింట్లో ఆరు రైటు. తొమ్మిదో పేజీలో ఎనిమిది. పిల్ల ఎగబడి రాసింది, గీత దాటి పక్క గళ్ళల్లోకి కూడా పోయింది. పదో పేజీలో సగంనుంచి అంకెలు సన్నబడ్డాయి. పదకొండో పేజీ తెల్లగా ఉంది. మామూలు తెలుపు కాదు. రుద్ది రుద్ది నూగు లేచి, ఒకచోట చిన్న చిల్లు పడిన తెలుపు. పైన తేదీ ఉంది. అది ఆవిడ ఈ తరగతిలో రబ్బరు పట్టుకుని తిరగడం మొదలుపెట్టిన వారం.

గాజులో సూదిమొనంత బుడగను పట్టిన కళ్ళు ఇన్నాళ్ళూ ఈ పేజీని చూడలేదు. డేగమ్మ పుస్తకం పట్టుకుని బుల్లి కుర్చీలో కూలబడింది. తాను మొద్దనుకున్న పిల్ల ఎనిమిది లెక్కలు చేసిన పిల్ల. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. టీచరు రాగానే రబ్బరు తీసి ఆవిడ రేకు డబ్బాలో వేసేసింది. ఆ పూటంతా పిలక వైపు వెళ్ళలేదు. పిలక మాత్రం పెన్సిలు పట్టుకుని అలాగే ఉంది, మధ్యమధ్య తలెత్తి రబ్బరమ్మమ్మ ఎక్కడుందా అని చూస్తూ. ఒక్క రోజులో బెదురు పోతుందా మరి!

ఇక శుక్రవారం. పెద్ద టీచరు గదిలోకి డేగమ్మ ముందుగా వెళ్ళింది. పదకొండో పేజీ తెరిచి బల్లమీద పెట్టింది.

"ఇది పిల్ల తప్పు కాదమ్మా. నాది. అది రాస్తుంటే నేను చెరిపేశాను. ఎన్నిసార్లో నాకే తెలియదు. కావాలంటే నన్ను రేపణ్ణించి రావద్దనండి, దాన్ని మాత్రం కిందికి పంపకండి."

పెద్ద టీచరు చిల్లును వేలితో తడిమింది. ఆవిడ జాలిపడే రకం కాదు, అలాగని రాయి కూడా కాదు.

"మీరు నిజమే చెబుతున్నారనుకుంటాను. కానీ తప్పు మీదైనంత మాత్రాన పిల్లకు లెక్కలు వచ్చినట్టు కాదు గదా. నెలన్నర వెనకబడింది. పిలవండి, పది లెక్కలు ఇస్తాను. ఏడు చేస్తే ఉంటుంది."

"నేనూ ఉండొచ్చా?"

"ఉండండి. చేతులు మాత్రం మీ దగ్గరే పెట్టుకోండి."

పిలక వచ్చింది. బల్ల ఎత్తుగా ఉందని రెండు లావుపాటి పుస్తకాలు వేసి కూచోబెట్టారు. డేగమ్మ గోడ దగ్గర బెంచీమీద, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటిమీద తన బరువంతా వేసి కూచుంది. మొదటిది తొమ్మిదీ ఎనిమిదీ కలపడం. పిలక పెదవులు కదిలాయి. చాలాసేపటికి పదహారు అని రాసింది. రాసి, డేగమ్మ ముఖంలోకి చూసింది.

చేతులు కదల్లేదు. కానీ కళ్ళు ఊరుకోవు గదా! ఆవిడ ప్రమేయం లేకుండానే చూపు టక్కున ఆరు అంకె మీదికి పోయింది, కనుబొమ్మ ఒక్క పిసరు ముడిపడింది. అంతే. పిలక వేలు నోట్లో పెట్టి తడి చేసుకుని ఆ ఆరును రుద్దసాగింది. కాగితం నల్లబడింది. పిల్ల ఊపిరి గట్టిగా తీస్తోంది. రెండో లెక్క వైపు చూడనైనా లేదు, మళ్ళీ డేగమ్మ ముఖంలోకే చూసింది.

అప్పుడు అర్థమైంది ఆవిడకు. చేతులు కట్టేసుకున్నా ముఖాన్ని ఏం చేస్తుంది? తాను ఆ గదిలో ఉన్నంతసేపూ పిల్ల లెక్కను చూడదు, తననే చూస్తుంది. ఉండి కాపాడదామనుకుని వచ్చింది. ఇంకో నిమిషం ఉంటే ముంచేస్తుంది. లేచింది.

"నేను బయట ఉంటా తల్లీ" అంది. "నాకు నీ లెక్కలు ఇక్కణ్ణించి కనపడటం లేదు కూడాను."

అబద్ధమే. గుమ్మం దాటి తలుపు తానే దగ్గరగా వేసింది.

వరండాలో ఆ అరగంట ఎలా గడిపిందో ఏం చెప్పమంటారు? ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఒక్క వస్తువునూ చూడకుండా వదిలిన మనిషి కాదు. ఇప్పుడు తలుపు అవతల ఏం జరుగుతోందో తెలియదు. నడిచింది. కూచుంది. లేచింది. గోడకు పిల్లల బొమ్మలు అతికించి ఉన్నాయి, ఒక ఏనుగు వంకరగా వేలాడుతోంది. చేయి పైకి లేచింది. తిట్టుకుని దించుకుంది. మళ్ళీ లేచింది. ఛీ, ఏం చేతులివి అనుకుని కొంగు రెండు అరచేతులకూ చుట్టేసుకుంది. లోపలినుంచి కుర్చీ కదిలిన చప్పుడు. అయిపోయిందా? చేతులెత్తేసిందా? ఏడుస్తోందా? పెద్ద టీచరు దగ్గు వినిపించింది. దగ్గుకు ఏం అర్థం ఉంటుంది? అయినా అందులో ఏదో ఉందనుకుంది. చెల్లెలి పక్కన కూచున్న పిలక కళ్ళముందు మెదిలింది. తాగునీళ్ళ కుళాయి దగ్గరికి నడిచింది, తాగకుండానే తిరిగొచ్చింది. ఆయా గచ్చు తుడుస్తూ "ఏమైందమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. "బాగానే ఉంది, నువ్వు తుడుచుకో" అంది డేగమ్మ, ఆయా వదిలేసిన మూలను చూసి కూడా చూపించకుండా.

తలుపు తెరుచుకుంది. ముందు పెద్ద టీచరు వచ్చింది.

"పదీ చేసింది. మొదట్లో నత్తనడకే, తర్వాత ఆపితే ఆగలేదు. ఒకటి తప్పు. ఇక్కడే ఉంటుంది లెండి." తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "సోమవారం మీరూ రండి. రాసేటప్పుడు కాదు, కథలు చెప్పే గంటకు" అని వెళ్ళిపోయింది.

డేగమ్మకు కళ్ళు చెమర్చాయి. గోడకు ఆనుకుని నిలబడింది. పిలక కాగితం రెండు చేతుల్తో పట్టుకుని వచ్చింది, వేళ్ళకూ ముక్కుకూ పెన్సిలు మసి. కాగితాన్ని ఆవిడ ముఖానికి ఆనేంత దగ్గరగా పెట్టింది.

"చూడు అమ్మమ్మా! పదీ నేనే చేశా!"

చూసింది. ఒక్క క్షణం చాలు ఆవిడకు. మొదటిది మరకమీదే పదిహేడుగా మారింది. ఆరోది, నలభై రెండులోంచి పదిహేడు తీస్తే ముప్ఫై అయిదట! అక్కడుంది తప్పు, దీపం పెట్టినట్టు కనిపిస్తోంది. నాలుక చివరిదాకా వచ్చేసింది మాట.

పిలక ఆవిడ నోటిమీద తన మసి చేయి అడ్డంపెట్టింది.

"ఒకటి తప్పుందంట. అదేదో నువ్వు చెప్పకు. ఇంటికెళ్ళి నేనే పట్టుకుంటా."

"చెప్పను."

"చూడకు కూడా!"

డేగమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. పిలక కాగితం మడత పెట్టింది, అంచులు కలవలేదు, ఒక మూల బయటికి పొడుచుకొచ్చింది. దాన్ని అలాగే జేబులో కుక్కుకుని తరగతిలోకి పరుగెత్తింది. డేగమ్మ వరండాలో నిలబడి, నోరు గట్టిగా మూసుకుని, ఆ తప్పు లెక్కను దిగమింగుకుంటూ ఉండిపోయింది.